వీపు మీద వేడినీళ్ళు

లేవగానే బకెట్లో నీళ్ళు పట్టి హీటర్ కడ్డీ వెయ్యాలి. అది మొగుడు మోజెస్‌కి. ఆ నీళ్ళు కాగేలోపు పాలు పొంగించాలి, బియ్యం కడిగి పెట్టాలి. సిమెంటు ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు దిగి కంపెనీ బస్సులో అతను వచ్చేసరికి బకెట్ బాత్రూములో, తువ్వాలు తలుపు మీద ఉండాలి. కడ్డీ కడిగి రెండో బకెట్లో వెయ్యాలి, అది అత్తకి. ఆమె బీపీ బిళ్ళ, గ్లాసుతో గోరువెచ్చని నీళ్ళు. ఆ తర్వాతి బకెట్ కూతురు రూబీకి, స్కూలు బస్సు హారన్ మోగకముందే. ఈలోపు పప్పు, వేపుడు, క్యారేజీలు. సిమెంటు బట్టలు మిగతావాటితో కలపకుండా విడిగా నానబెట్టాలి. గ్యాసు బుక్ చెయ్యాలి. తనూ స్నానం చెయ్యాలి. ఆఫీసుకి పోగానే మేడమ్‌గారి వేడినీళ్ళ తొట్టి సంగతి తేల్చాలి.

చివరిది తప్ప మిగతావన్నీ సూసన్‌కి కళ్ళు మూసుకుని చేసుకుపోయే పనులే. తన స్నానం దగ్గరికొచ్చేసరికి కడ్డీ వెయ్యడానికి టైము ఉండదు. బోరు నీళ్ళు చెంబుతో తీసి గబగబా గుమ్మరించుకోవడమే. చలికాలం మొదటి చెంబుకి నడుం దగ్గర ఏదో పట్టేసినట్టయ్యేది. ఊపిరి బిగబట్టి రెండో చెంబు పోసుకునేది. పెళ్ళయిన కొత్తలో ఒకసారి గీజరు పెట్టిద్దామంటే, "అద్దె కొంపకి గీజరేందే, ఓనరుకి దానం చేస్తావా" అన్నాడు మోజెస్. ఇంకోసారి అడిగితే, "నాదంటే ఫ్యాక్టరీ దుమ్ము. నీది ఏసీ ఉద్యోగం, నీకెందుకు వేడినీళ్ళు" అన్నాడు. అత్తయితే నవ్వుతూనే అనేది: "మా రోజుల్లో ఆడది వేడినీళ్ళు కావాలంటే, ఏంటి పురిటికొచ్చావా అనేవాళ్ళు." అత్త చెడ్డది కాదు. ఆమెకీ ఎవరో ఎప్పుడో అన్న మాటే అయ్యుంటుంది, దాచుకుని దాచుకుని కోడలికి ఇచ్చింది.

ఏసీ ఉద్యోగం అంటే నందిగామ దాటాక హైవే పక్కన కిషోర్‌బాబు గారి మిర్చి కోల్డ్ స్టోరేజీలో లెక్కలు రాయడం. రైతులు తెచ్చిన టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, ఏ గదిలో ఏ వరసలో ఉన్నాయో పుస్తకంతో సరిచూడాలి. దానికి రోజూ ఆ చలిగదుల్లోకి పోవాలి. మే నెలలో బయట రోడ్డు మీద తారు మెత్తబడుతుంటే సూసన్ లోపల స్వెట్టరు వేసుకుని, చెవులకి స్కార్ఫు కట్టుకుని, మిరపకాయ ఘాటుకి దగ్గుతూ తిరిగేది. బయటికొచ్చాక ఒళ్ళు వేడెక్కేది గానీ నడుం వేడెక్కేది కాదు. అక్కడ చలి ఒకటి పర్మినెంటుగా కాపురం పెట్టేసింది. వాళ్ళింట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి సూసన్. చదువుకున్న మనిషి చలి గురించి ఫిర్యాదు చేస్తే బాగోదని ఎవరూ చెప్పకుండానే నేర్చుకుంది.

కిషోర్‌బాబు గారు ఆమెని పిలిచి కాగితాల కట్ట ముందు పెట్టింది సోమవారం.

"సూసన్, ఇంగ్లీషు కాగితం నువ్వైతే అక్షరం వదలకుండా చదువుతావు. మీ మేడమ్ మేడ మీద హాట్ టబ్ పెట్టుకుంటానంటోంది. మూడు కంపెనీలోళ్ళు పంపారు. నాకు ఆ బొమ్మలు తప్ప ఏం అర్థం కావట్లా. ఏ తొట్టి డొప్ప మంచిదో, వారంటీ ఏందో చూసి ఒక పేజీలో రాసియ్యి. ఆఫీసు పని చెడకుండా చూడమ్మా, ఇంటికాడ తీరిగ్గా చూసుకో."

ఇంటికాడ తీరిగ్గా అనే మాటకి సూసన్‌కి నవ్వొచ్చింది. అలాగే సార్ అంది.

మొదటి కాగితం మీదే ఒక ఆడమనిషి బొమ్మ ఉంది. మెడ దాకా నీళ్ళల్లో ఉంది. కళ్ళు మూసుకుంది. ఆమె వీపు వెనక నుంచి నురగ పొంగుతోంది. నీళ్ళ మీద ఆవిరి. ఆమె కోసం ఎవరూ తలుపు కొట్టడం లేదు, ఏ బస్సూ హారన్ మోగించడం లేదు. సూసన్‌కి కడుపు మండింది. చదువుకున్నదని దానికి మెత్తటి పేరు వెతకలేదు. కడుపు మండిందంతే. ఆ బొమ్మ మొహం చెరిగిపోయి అక్కడ యశస్విని మొహం వచ్చింది.

యశస్విని కిషోర్‌బాబు గారి భార్య. జగ్గయ్యపేట జగన్నాథరావు గారి కూతురు. సూసన్‌దీ జగ్గయ్యపేటే. ఇద్దరిదీ ఒకే వయసు, ఒకే నెలలో తొలి కాన్పుకి పుట్టింటికి వచ్చారు. అక్కడ ఆ పోలిక అయిపోతుంది. యశస్విని పుట్టిల్లు పెద్ద బజారు దగ్గర, వెనక పెరట్లో స్నానాల గది, దాని పక్కన రాగి కాగు. సూసన్ పుట్టిల్లు చర్చి వెనక రెండు గదులు. ఆ రెండిళ్ళ మధ్యా రోజూ నడిచిన మనిషి సూసన్ తల్లి.

ఆమె ఆసుపత్రిలో ఆయాగా చేసింది. పసిపిల్లలకీ, బాలింతలకీ నీళ్ళు పొయ్యడంలో ఆమె చెయ్యి పేటంతా ఎరుగుదురు. పురుడు వచ్చిందంటే కబురు ఆమెకే. తెల్లారకముందే పోయి కాగు కింద నిప్పు రాజేసేది. నీళ్ళల్లో వావిలాకు వేసేది. అది నొప్పులు తీసే ఆకు, మరిగితే ఇల్లంతా పచ్చి వాసన. నువ్వులనూనె వెచ్చచేసి బాలింత నడుంకి, తొడలకి, మెడకి మర్దనా చేసేది. తర్వాత చెంబు పైకెత్తి, నడుం మీద ఒకే చోట పడేట్టు, ఆపకుండా పోసేది. చివర్న తలకి సాంబ్రాణి పొగ. ఈ సంగతులన్నీ సూసన్‌కి తెలుసు, కానీ విని తెలుసు. వాళ్ళమ్మ ఒంటి మీది వాసనతో తెలుసు.

రూబీ పుట్టిన నెలలో కూడా ఆమె జగన్నాథరావు గారింటికే పోయింది. "పచ్చి బాలింతకి తెల్లారకుండా పొయ్యాలంట, వాళ్ళమ్మ రత్తమ్మగారు ఒప్పుకోరు. మాటిచ్చా" అంది. వచ్చేసరికి మధ్యాహ్నం అయ్యేది. తల్లికీ పిల్లకీ నీళ్ళు పోసి, పురిటి బట్టలు ఉతికి, ఇంకో ఇంట్లో ఇంకో పిల్లకి పోసి వచ్చేది. అప్పటికి సూసన్ కిరసనాయిలు పొయ్యి మీద కాచుకున్న నీళ్ళు తనే పోసుకుని పిల్లని పక్కలో వేసుకుని పడుకుని ఉండేది. "రేపు పోస్తాలే అమ్మా, రేపు నువ్వు లేవకముందే వచ్చేస్తా" అనేది తల్లి, మంచం కోడుకి ఆనుకుని కూర్చుని. నీళ్ళల్లో నానిన ఆమె వేళ్ళు తెల్లగా ముడతలు పడి ఉండేవి. వావిలాకు, సాంబ్రాణి వాసన. ఆ వాసన అంటే సూసన్‌కి ఇప్పటికీ గుండెల్లో కలుక్కుమంటుంది. పక్కింటావిడ బిడ్డ వాసన వాళ్ళమ్మ మీద వస్తుంటే పసిపిల్లకి ఎలా ఉంటుందో అలా. సాయంత్రం నీళ్ళు పోద్దామంటే, చూడ్డానికి వచ్చిన అత్త అడ్డం పడేది, పొద్దుగూకాక బాలింత నీళ్ళు పోసుకోకూడదని. రేపు, రేపు అంటూనే నెల దాటింది. సూసన్ అత్తారింటికి వచ్చేసింది.

ఆ తర్వాత ఏడాది ఈ ఉద్యోగం. జగన్నాథరావు గారు అల్లుడితో ఒక మాట చెప్పారు. తల్లి ఆ రోజు సంతోషంగా అంది: "చూసావా, ఆ పిల్ల వీపు మీద పోసిన నీళ్ళు ఊరికే పోలా." సూసన్‌కి జీతం తీసుకున్న ప్రతిసారీ ఆ మాట గుర్తొచ్చేది.

కాగితాలు చదవడం మొదలుపెట్టింది. క్యారేజీ తింటూ, బస్సులో, కుక్కరు కూతల మధ్య. చదివేకొద్దీ ఒక రకమైన హుషారు వచ్చింది. ఆ హుషారు ఎందుకో ఆమెకి తెలుసు. ప్రతి కాగితంలోనూ చివర్న చిన్న అక్షరాల్లో ఏమేం జరిగితే వారంటీ చెల్లదో రాసి ఉంది. సూసన్ కళ్ళు సరాసరి అక్కడికే పోయేవి.

మొదటి కంపెనీ తొట్టి డొప్ప ఆక్రిలిక్. అద్దంలా మెరుస్తుంది, వెనక ఫైబర్‌గ్లాస్ పూత. రెండోది గాలి కొట్టి నిలబెట్టే వినైల్, పిల్లలు ఆడుకునే నీళ్ళ తొట్టికి పెద్దన్నయ్య. దాని వారంటీ కాగితం సగం పేజీ కూడా లేదు. మేడ మీద నందిగామ ఎండకి అది ఒక్క వేసవి ఆగదని తెలియడానికి డిగ్రీ అక్కర్లేదు. మొదటి కంపెనీ వాళ్ళకి ఫోన్ చేసింది. ఎత్తిన కుర్రాడు ఉత్సాహంగా ఉన్నాడు.

"షెల్ మీద, అంటే డొప్ప మీద, పదేళ్ళండి మేడమ్. మార్కెట్లో ఎవరూ ఇవ్వరండి."

"షెల్‌కి మామూలుగా ఏమవుద్దండి?"

"ఏమీ అవదండి. అదే గ్యారంటీ."

"మోటారుకి, హీటరుకి?"

"రెండేళ్ళండి."

"ఎక్కువగా పాడయ్యేది ఏదండి?"

"మోటారేనండి, మరి తిరిగేది అదే కదండి."

"బాగుచెయ్యడానికి మనిషి ఎక్కడ్నుంచి వస్తాడు?"

"హైదరాబాద్ నుంచండి. రానూపోనూ మీరే చూసుకోవాలండి. ఏ ఊరు మేడమ్ మీది?"

"నందిగామ."

"బోరు నీళ్ళాండి?"

"బోరే. సున్నపురాయి నేల. కెటిల్లో నీళ్ళు కాస్తే తెల్లగా పెచ్చులు కడతాయి."

"అంటే... డొప్ప మీద సున్నం పేరుకుంటే అది వారంటీలోకి రాదండి. హీటరు మీద పేరుకున్నా రాదండి. ఎండలో మూత తీసి ఖాళీగా వదిలేసినా రాదండి. నూనెలు రాసుకుని దిగితే ఫిల్టరు పూడుకుపోద్ది, అదీ రాదండి."

ఫోన్ పెట్టేసి సూసన్ రాసుకున్నవి మళ్ళీ చదివింది. పైకి కనపడే డొప్పకి పదేళ్ళు. లోపల రాత్రీ పగలూ తిరుగుతూ నీళ్ళు వెచ్చగా ఉంచేదానికి రెండేళ్ళు. ఆ రెండేళ్ళకి కూడా ఇన్ని షరతులు. తన పెళ్ళి ఫోటో గుర్తొచ్చింది, ఫ్రేము కట్టించి హాల్లో పెట్టినది. ఇంటికి వచ్చినవాళ్ళంతా దాన్ని చూసి బాగుంది అంటారు. ఫోటోకి ఏమవుద్ది, ఏమీ అవదు. ఈ ఆలోచన పక్కకి తోసేసింది. ఆఫీసు పనిలో సొంత గోల కలపడం ఆమెకి ఇష్టం ఉండదు.

మూడో కంపెనీ కాగితం మాత్రం బుద్ధిగా రాసి ఉంది. మెరుపుల్లేవు. మేడ మీద నీళ్ళ ట్యాంకులా ఒక్క ముక్కగా పోతపోసిన ప్లాస్టిక్ డొప్ప. దానికి అయిదేళ్ళే ఇచ్చారు, కానీ మోటారుకీ హీటరుకీ కూడా అవే అయిదేళ్ళు. ఎండకి బీట పడదు, పడినా బయటివైపు అతకొచ్చు. మనిషి విజయవాడ నుంచి వస్తాడు, రానూపోనూ వాళ్ళదే. నీళ్ళలో సున్నం తీసే మిషను పెట్టుకుంటే హీటరు వారంటీ కూడా చెల్లుతుందని రాశారు. ఇల్లు నడిపే ఆడమనిషి ఎవరైనా ఇట్టే ఎంచుకునే వస్తువు. సూసన్ దాన్ని రెండుసార్లు చదివి, కట్ట అడుగున పెట్టేసింది.

ఒక పేజీ రాసింది. అందులో అబద్ధం ఒక్కటీ లేదు. సున్నం, ఎండ, హైదరాబాదు మనిషి, నూనె, రెండేళ్ళు. మూడో కంపెనీ గురించి ఒకే ఒక్క వాక్యం: డొప్పకి వారంటీ తక్కువ. యశస్విని ఆ నురగలో కళ్ళు మూసుకుని కూర్చోకూడదు. అంతే సూసన్‌కి కావలసింది. ఈ మధ్య ఆమెకి ఎవరి వేడినీళ్ళన్నా ఈర్ష్యగానే ఉంది. పొద్దున్నే మోజెస్ బకెట్లోంచి లేచే ఆవిరి మీద, ఒక్కోసారి, తల్లికి అలా అనిపించకూడదని తెలిసీ, రూబీ బకెట్ మీద కూడా. కానీ వాళ్ళ మీద ఈర్ష్య బకెట్‌తో పోయేది. ఇది పోయేది కాదు.

ఆదివారం చర్చి అయ్యి బయటికి వస్తుంటే ఫోన్. "సూసన్, మా అత్తగారు వచ్చారు. టబ్ సంగతి ఇవాళ తేల్చేద్దాం, ఆ కాగితం పట్టుకుని ఒకసారి ఇంటికి రా" అన్నారు కిషోర్‌బాబు గారు. పక్కన మోజెస్ విని, "ఆదివారం కూడానా? అన్నం ఎవరు వండుతారు?" అన్నాడు. "బియ్యం డబ్బాలో ఉన్నాయి" అని చెప్పి ఆటో ఎక్కింది. ఆ మాట ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు.

పెద్ద హాలు. సోఫాలో యశస్విని నడుం వెనక దిండు పెట్టుకుని నిటారుగా కూర్చుంది. పక్కన రత్తమ్మగారు, యశస్విని తల్లి, ద్రాక్షపళ్ళ గిన్నె ఒళ్ళో పెట్టుకుని.

"ఎవరూ, ఆయమ్మ కూతురు కదూ. చిక్కిపోయావే" అన్నారు రత్తమ్మగారు. "మీ అమ్మ పోయిందని తెలిసి ఎంత బాధపడ్డామో. రావడానికి కుదర్లేదు."

సూసన్ తల ఊపింది. కిషోర్‌బాబు గారు కాగితం చదువుతున్నారు. చదివేకొద్దీ ఆయన మొహం తేటపడుతోంది, ఖర్చు తప్పిన మగవాడి మొహంలా.

"ఇన్ని తిప్పలున్నాయా దీంతో. సున్నం పడితే చెల్లదంట, ఎండ పడితే చెల్లదంట. నూనె రాసుకోకూడదంట. ఇంకెందుకు యశూ అది?"

"నూనె రాసుకోకూడదా?" యశస్విని మొహం వాడిపోయింది.

"నూనె సంగతి తర్వాత. ఆ నీళ్ళు రోజూ పారబొయ్యరంటగా" అన్నారు రత్తమ్మగారు. "మందులు కలిపి నెలల తరబడి అవే ఉంచుతారంట. పొద్దున నువ్వు, సాయంత్రం ఆయన, ఎల్లుండి వచ్చిన చుట్టాలు. ఒకళ్ళు మునిగిన నీళ్ళల్లో ఇంకొకళ్ళా? మన ఇళ్ళల్లో ఎక్కడన్నా ఉందా అది?"

"నాకు మునగడం కాదమ్మా కావాల్సింది" అంది యశస్విని. నడుం మీద, వెన్ను కింద ఒక చోట అరచెయ్యి పెట్టి చూపించింది. "ఇక్కడ. ఆయమ్మ చెంబు ఎత్తి ఇక్కడ పోసేది చూడు, ఆపకుండా. కళ్ళు మూతలు పడిపోయేవి. పిల్ల ఏడుస్తున్నా వినపడేది కాదు. ఆ తర్వాత ఎంతమంది డాక్టర్ల దగ్గరికి తిరిగానో. ఎవరి చెయ్యీ అట్లా పడలా. ఈ తొట్టిలో నీళ్ళు చిమ్మే జెట్లు ఆ చోటికి కొడతాయేమోనని, అంతే."

సూసన్ ఆ అరచేతినే చూస్తోంది. నునుపైన చెయ్యి, గాజులు. ఆ చెయ్యి పెట్టిన చోట తన తల్లి ఉంది. కళ్ళు మూసుకుంటే యశస్వినికి ఆమె దొరుకుతుంది. తనకి కళ్ళు మూసుకుంటే మంచం కోడు దొరుకుతుంది, రేపు అనే మాట దొరుకుతుంది. ఇన్నేళ్ళుగా తన ఈర్ష్య దిండ్ల మీద, పాలరాయి మీద, ఈ వేడినీళ్ళ తొట్టి మీద అనుకుంటూ వచ్చింది. అవేవీ కాదని ఆ క్షణంలో తెలిసింది. అయినా అది తగ్గలేదు. చోటు దొరికాక ఇంకా పెరిగింది.

అప్పుడు రత్తమ్మగారు ద్రాక్షపండు నోట్లో వేసుకుని చాలా మామూలుగా అన్నారు.

"మరి తొట్టెందుకే పిచ్చిదానా. ఇదిగో, ఆయమ్మ కూతురు ఎదురుగానే ఉంది. ఆదివారం ఆఫీసు ఉండదుగా. వచ్చి నాలుగు చెంబులు పోసి పోద్ది. తల్లి చెయ్యే కదా కూతురికి వచ్చేది."

"అవును కదా, అది తట్టలేదు చూడు" అన్నారు కిషోర్‌బాబు గారు కాగితం మడుస్తూ. "ఊరికే వద్దులే సూసన్, జీతంలో వేసి చూస్తా."

యశస్విని కళ్ళల్లోకి ఆశ వచ్చింది. ఆ ఆశని చూస్తే సూసన్‌కి తను రాసిన పేజీ గుర్తొచ్చింది. తొట్టిని తన చేత్తో తనే తప్పించింది. తప్పించిన చోట తననే కూర్చోబెడుతున్నారు. డిగ్రీ, లెక్కల పుస్తకం, స్వెట్టరు, ఇన్నేళ్ళ సార్, మేడమ్, అన్నీ ఒక్క ద్రాక్షపండు నమిలేలోపు పక్కకి జరిగిపోయి, చేతిలోకి చెంబు వచ్చింది. ఒప్పుకుంటే ప్రతి ఆదివారం. ఒప్పుకోకపోతే ఈ ఉద్యోగం ఇచ్చింది ఎవరో, ఎందుకిచ్చారో వాళ్ళకీ తెలుసు, తనకీ తెలుసు. రూబీ స్కూలు ఈ జీతం మీదే నడుస్తోంది.

"నాకు ఆ పని రాదండి" అంది.

"రాకపోవడమేందే, ఇంట్లో చూసుండవూ?" అన్నారు రత్తమ్మగారు.

"చూడలేదండి. అది చేయించుకుంటే తెలిసే పని. మా అమ్మ నాకు ఒక్కసారి కూడా పొయ్యలా." గొంతు ఆఫీసులో లెక్క చెప్పేటప్పుడు ఎలా ఉంటుందో అలాగే ఉంది. "మా రూబీ, మీ పాపా ఒకే నెలలో పుట్టారు. తెల్లారకుండా పొయ్యాలన్నారు మీరు. ఆ నెలంతా మా అమ్మ మీ ఇంట్లోనే ఉంది. నా వంతు మేడమ్‌గారికి పోసేసింది."

రత్తమ్మగారు గిన్నె బల్ల మీద పెట్టారు. "మేమేమన్నా మీ ఇంటికి పోవద్దన్నామా. చెప్తే ఓ గంట ముందు పంపించేవాళ్ళం కదా" అన్నారు, కానీ ఆ మాటలో బలం లేదు. కిషోర్‌బాబు గారు "పాత సంగతులు ఇప్పుడెందుకులే" అన్నారు. యశస్విని దిండు తీసి పక్కన పెట్టి, కొంచెం ముందుకు వంగింది.

"మీ అమ్మ పేరేంటి సూసన్?"

సూసన్ ఆమె వంక చూసింది. పరాచికం కాదు. నిజంగానే తెలియదు. నెల రోజులు తన ఒళ్ళంతా ఆ చేతుల్లో పెట్టిన మనిషికి, ఇన్నేళ్ళు నడుం పట్టుకుని ఆ చేతుల్నే వెతుక్కుంటున్న మనిషికి, పేరు తెలియదు. ఆయమ్మ అని పిలిస్తే పలికేది, పని జరిగిపోయేది. చిత్రంగా, ఆ ప్రశ్నకి సూసన్ గుండెల్లో ఏదో ముడి కాస్త వదులైంది. ఒక్కటైనా ఉంది, తన దగ్గర మాత్రమే ఉన్నది. చెప్పకుండా దాచుకుంటే ఎలా ఉంటుందా అని కూడా ఆలోచించింది. తర్వాత చెప్పింది.

"కృపావతి."

ఆ తర్వాత సంచీలోంచి కాగితాల కట్ట తీసి అడుగునున్నది పైకి పెట్టింది. "నేను రాసింది సగమే సార్. ఈ మూడోది కొనండి. డొప్పకి తక్కువ ఇచ్చారని చూడకండి, మోటారుకి ఎక్కువ ఇచ్చారు. పనిచేసేది అదే. మనిషి విజయవాడ నుంచి వస్తాడు. సున్నం తీసే మిషను ముందే పెట్టించండి. నూనె మాత్రం వద్దు మేడమ్, రాసుకున్నా కడుక్కుని దిగండి. జెట్లు పైకీ కిందికీ జరుగుతాయి, మీరు చూపించిన చోటికి వస్తాయి." అని లేచింది. "రేపు తొమ్మిదింటికి ఆఫీసులో ఉంటా సార్. అక్కడి పని ఏదైనా చెప్పండి. ఆదివారాలు రాను."

బయటికి వచ్చి ఆటో ఎక్కకుండా నడిచింది. హైవే మీద విజయవాడ బస్సులు పోతున్నాయి. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియదు. వెనక్కి పోయి ఏదో ఒకటి సర్ది చెప్పాలనే ఆత్రం మాత్రం లేదు. పోయిన ఎండాకాలం వాళ్ళమ్మ చనిపోయిన రోజు గుర్తొచ్చింది. చర్చి ఆడవాళ్ళు ఒళ్ళు కడగడానికి వచ్చి కుళాయి నీళ్ళు పట్టుకుంటుంటే సూసన్ వద్దంది. గ్యాసు మీద పెద్ద గిన్నె పెట్టింది. పక్క సందులో వావిలి చెట్టుంటే పోయి రెమ్మలు విరుచుకొచ్చి వేసింది. "పోయినవాళ్ళకి కాచిన నీళ్ళెందుకమ్మా" అన్నారెవరో. సూసన్ మరిగిన గిన్నె దించింది. తల్లి వీపు ఆమె ఆ రోజే మొదటిసారి చూసింది. చెంబు ఎత్తి ఎత్తి కుడి భుజం ఎముక ఎడమదానికంటే పైకి లేచి ఉంది. నడుం మీద పాత కాలిన మచ్చ, ఎవరింటి కాగుదో. అక్కడ, ఆ మచ్చ మీద, ఒకే చోట పడేట్టు పోసింది. చెయ్యి తనంతట తనే పైకి లేచింది. రాదండి అని ఇందాక చెప్పింది గానీ, అంతమాత్రం వచ్చు. అది ఒక్కరి కోసమే వచ్చు.

సోమవారం పొద్దున లేచి బకెట్లో నీళ్ళు పట్టి కడ్డీ వేసింది. పాలు పొంగించింది, బియ్యం కడిగింది. నీళ్ళు కాగాక బకెట్ బాత్రూములో పెట్టింది. తువ్వాలు తలుపు మీద వేసింది, తనది. లోపలికి పోయి గడియ పెట్టుకుంది. రాత్రి షిఫ్టు దిగి వచ్చిన మోజెస్ చెప్పులు విడిచిన చప్పుడు వినిపించింది.

"నీళ్ళేవి?" అన్నాడు.

"నేను పోసుకుంటున్నా. నీకు కడ్డీ అక్కడే ఉంది, వేసుకో."

"ఏందీ?"

అత్త ముందు గదిలోంచి, "ఒంట్లో బాలేదా అమ్మాయ్?" అంది. "బాగానే ఉందత్తా" అంది సూసన్. చెంబు ముంచి భుజాల మీద పోసుకుంది. ఆవిరికి కళ్ళు మూతలు పడ్డాయి. చలి ఉన్న చోటికి మాత్రం చెయ్యి తిరగలేదు. ఎంత వెనక్కి వంచినా నీళ్ళు పక్కలకి జారిపోతున్నాయి. వీపు మీద ఆ ఒక్క చోటు ఎవరికి వాళ్ళు పోసుకునేది కాదు. చీర చుట్టుకుని గడియ తీసింది.

"ఇట్రా" అంది.

మోజెస్ గుమ్మంలో సిమెంటు బట్టలతోనే నిలబడ్డాడు. కనురెప్పల మీద కూడా దుమ్ము.

"వచ్చి నడుం మీద పొయ్యి. ఒకే చోట పడాలి. ఆపకుండా."

"నేనా?"

"నువ్వే."

అతను వెనక్కి తిరిగి తల్లి ఉన్న గదివైపు చూశాడు. రూబీ బ్యాగు సర్దుకోవడం ఆపి తండ్రినే చూస్తోంది. కాసేపటికి లోపలికి వచ్చి చెంబు అందుకున్నాడు, పట్టుకోవడం తెలియని వస్తువేదో పట్టుకున్నట్టు. మొదటి చెంబు మెడ మీద పోశాడు. "కిందికి" అంది. రెండోది పక్కకి పోయింది. "ఇంకా కిందికి. చెంబు పైకెత్తు." మూడో చెంబుకి చోటు తెలిసింది.

ఆ తొట్టి నెలాఖరుకి వచ్చింది. మూడో కంపెనీదే. సూసన్ ఉద్యోగం ఉంది, కిషోర్‌బాబు గారు కొన్నాళ్ళు ముభావంగా ఉన్నారంతే. యశస్విని కళ్ళు మూసుకుని ఆ నురగలో కూర్చుంటుందని తలుచుకుంటే సూసన్‌కి ఇప్పటికీ కడుపులో సన్నగా మండుతుంది. ఆ మంట పోతుందని ఆమె అనుకోవడం లేదు, మీరూ అనుకోకండి. మీరు మాత్రం ఒక్క పని చేసిపెట్టండి. జగ్గయ్యపేటలో ఎందరో తల్లుల వీపులకి ఆ చేతులు గుర్తున్నాయి, పేరు గుర్తులేదు. మీ వీపు మీద వేడినీళ్ళు పడిన పూట ఆమెని ఒకసారి తలుచుకోండి. ఆయమ్మ అని కాదు, కృపావతి అని.